రూకీ కార్నర్‌బ్యాక్ ట్యాకిల్ సత్తాను అంకెలతో అంచనా వేయడం ఎలా?

కార్నర్‌బ్యాక్ సాస్ గార్డ్‌నర్ 2022లో న్యూయార్క్ జెట్స్ తరఫున తన తొలి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) సీజన్‌లో 75 ట్యాకిల్స్ చేశాడు. ట్యాకిల్ అంటే బంతి పట్టుకున్న ప్రత్యర్థిని పడగొట్టి ఆపడం. మరుసటి ఏడాది సియాటిల్ సీహాక్స్ రూకీ (తొలి ఏడాది ఆటగాడు) డెవన్ విదర్‌స్పూన్ 14 మ్యాచ్‌ల్లోనే 79 చేశాడు. మరి విదర్‌స్పూన్ ట్యాకిల్ చేయడంలో మేటి అనుకోవచ్చా? ఈ రెండు అంకెలు మాత్రమే చూసి ఆ మాట అనలేం. ఒక ఆటగాడికి ఎన్ని అవకాశాలు వచ్చాయన్నదే ట్యాకిల్స్ సంఖ్య ఎక్కువగా చెబుతుంది. వచ్చిన అవకాశాన్ని అతను ఎలా వాడుకున్నాడో తెలియాలంటే ఇంకాస్త తవ్వాలి.

కార్నర్‌బ్యాక్ విషయంలో ఇంకో తిరకాసు ఉంది. అతని మొదటి పని పాస్ పట్టే ప్రత్యర్థి ఆటగాడికి, అంటే రిసీవర్‌కి, బంతి దొరకకుండా చూడటం. అతను కాపలా కాస్తున్న రిసీవర్ బంతి పట్టేస్తే వెంటనే అతన్ని పడగొట్టేది చాలాసార్లు ఆ కార్నరే. అంటే ఈ కాపలాలో (కవరేజ్‌లో) ఓడిపోయినా అతని ఖాతాలో ఒక ట్యాకిల్ చేరుతుంది! కొత్త కుర్రాడు కనిపిస్తే పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్‌లు పనిగట్టుకుని అతని వైపే బంతి వేస్తారు. డిఫెన్స్ ఆటగాళ్లకు కూడా పాయింట్లు ఇచ్చే ఫాంటసీ లీగుల్లో (నిజం ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి ఆడే పోటీల్లో) దీనికి ‘రూకీ కార్నర్ రూల్’ అని పేరే ఉంది. కొత్త కార్నర్ వైపు బంతులు ఎక్కువ వస్తాయి, ట్యాకిల్స్ పెరుగుతాయి, కాబట్టి అతన్ని ముందే తీసుకోండి అని దాని సారాంశం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసు లీగ్ ఆడే మనవాళ్లకు పాయింట్ల కోసం ఆ కిటుకు పనికొస్తుంది. ఆటగాడి సత్తా తేల్చడానికి మాత్రం పనికిరాదు.

మొదటి మెట్టు: అతను మైదానంలో ఎక్కడ నిలబడ్డాడు?

అంకెలు తీసే ముందు ఇది తెలియాలి. అంచున, సైడ్‌లైన్ దగ్గర ఆడే కార్నర్ వేరు, లోపల స్లాట్‌లో, అంటే అంచు రిసీవర్‌కీ మధ్య వరుసకీ నడుమ, ఆడే నికెల్ కార్నర్ వేరు. స్లాట్ ఆటగాడు బంతికి దగ్గరగా ఉంటాడు. రన్ ప్లేలు (పాస్ వేయకుండా బంతితో పరిగెత్తేవి) అతని మీదికే వస్తాయి, పొట్టి పాసులు అతని ముందే పడతాయి, అప్పుడప్పుడు బ్లిట్జ్‌కీ, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికీ, పంపుతారు. అంచు ఆటగాడికి రన్‌లో పని తక్కువ. పైగా సైడ్‌లైన్ అతనికి ఇంకో డిఫెండర్ లాంటిది, బంతి పట్టినవాడిని గీత బయటికి తోసేస్తే చాలు.

2024 ఫిలడెల్ఫియా ఈగల్స్‌ని చూస్తే ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) 22వ స్థానంలో క్విన్యన్ మిచెల్‌నీ, 40వ స్థానంలో కూపర్ డిజీన్‌నీ తీసుకున్నారు. ఇద్దరూ రూకీలే, ఇద్దరికీ డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియోనే. మిచెల్ మొదటి మ్యాచ్ నుంచి అంచున ఆడి 46 ట్యాకిల్స్ చేశాడు. ఐదో వారం విరామం తర్వాతే స్లాట్‌లో స్థిరపడిన డిజీన్ 51 చేశాడు. తక్కువ ఆడినవాడికి ఎక్కువ ట్యాకిల్స్ ఎలా వచ్చాయంటే, అతను నిలబడ్డ చోటు అలాంటిది. ఇక్కడితో మిచెల్ ట్యాకిల్‌లో వెనకబడ్డాడని తీర్పు చెప్పేస్తే అతనికి అన్యాయం చేసినట్టే.

అందుకని పోలిక ఎప్పుడూ ఒకే చోట ఆడేవాళ్ల మధ్యే పెట్టండి. విదర్‌స్పూన్ లాగా ఒకే మ్యాచ్‌లో అంచునా స్లాట్‌లోనూ తిరిగేవాడైతే, ఏ చోట ఎన్ని స్నాప్‌లు (ప్లేలు) ఆడాడో విడగొట్టి చూడాలి.

రెండో మెట్టు: అంకెలు ఎక్కడ దొరుకుతాయి?

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ సైట్ చాలు. అందులో 2012 నుంచి స్నాప్‌ల లెక్క ఉంది. 2018 నుంచి తప్పిన ట్యాకిల్స్, అతని వైపు వేసిన బంతులు, పూర్తయిన పాసులు, క్యాచ్ పట్టాక పరిగెత్తిన గజాలు కూడా ఉన్నాయి. డబ్బు కట్టగలిగితే ప్రో ఫుట్‌బాల్ ఫోకస్‌లో ఇంకా లోతైన విభజన దొరుకుతుంది. ఆర్ గానీ పైథాన్ గానీ ప్రోగ్రామింగ్ కొంచెం వచ్చినవాళ్లకు ఎన్‌ఎఫ్‌ఎల్‌వర్స్ డేటా ఉచితం. 1999 నుంచి ప్రతి ప్లే అందులో ఉంది, ఎవరు ట్యాకిల్ చేశారు, ఎన్నో డౌన్ (పది గజాలు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి అన్న వివరాలతో సహా. కాకపోతే ఆ ప్లేల పట్టికలో ఎవరు పడగొట్టారో ఉంటుంది గానీ, అంతకు ముందు ఎవరి చేతుల్లోంచి జారిపోయాడో ఉండదు.

తప్పిన ట్యాకిల్ అంటే ఏమిటో తేల్చేది వీడియో చూసి రాసే మనిషి. వేలితో జెర్సీ తాకితే అది ప్రయత్నమా కాదా? ఒక సంస్థ అవునంటుంది, ఇంకొకటి కాదంటుంది. అందుకే ఒకే ఆటగాడికి రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తాయి. దేన్ని నమ్మాలి అని బుర్ర పాడుచేసుకోకండి. ఒకదాన్ని ఎంచుకుని, పోల్చే వాళ్లందరికీ అదే వాడండి. ఒకరి అంకె ఇక్కడా ఇంకొకరి అంకె అక్కడా తీసి పక్కపక్కన పెడితే వచ్చేది చెత్తే.

మూడో మెట్టు: మొత్తం ట్యాకిల్స్‌ని శుభ్రం చేయండి

మొత్తంలో సోలో (ఒక్కడే చేసినవి), అసిస్ట్ (ఇంకొకరితో కలిసి చేసినవి) రెండూ కలిసి ఉంటాయి. అప్పటికే వేరేవాడు పట్టుకున్న మనిషి మీద చివర్లో వచ్చి పడినా అసిస్ట్ రావచ్చు. పైగా ఈ లెక్క రాసేది ఆ స్టేడియంలోని స్టాట్స్ బృందం. అసిస్టులు ఇచ్చే విషయంలో కొందరిది ఉదారమైన చెయ్యి, కొందరిది పిసినారి చెయ్యి. అసిస్ట్‌ని సగంగా లెక్కేసుకోవడం మంచి అలవాటు.

శాక్‌లు కూడా ఈ మొత్తంలోనే కలిసి ఉంటాయి. విదర్‌స్పూన్ 79లో 3 శాక్‌లు ఉన్నాయి. శాక్ అంటే పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం. అది వేరే నైపుణ్యం, దాన్ని పక్కన పెట్టండి. రూకీలు కిక్ కవరేజ్‌లో ఎక్కువగా ఆడతారు కాబట్టి స్పెషల్ టీమ్స్ (కిక్ ప్లేలు ఆడే బృందం) ట్యాకిల్స్ కలిపారో లేదో కూడా ఒకసారి చూసుకోవాలి.

నాలుగో మెట్టు: తప్పిన శాతం

సూత్రం తేలికే. తప్పిన ట్యాకిల్స్‌ని మొత్తం ప్రయత్నాలతో భాగించాలి. ప్రయత్నాలంటే చేసినవీ తప్పినవీ కలిపి. 54 చేసి 6 తప్పితే 60 ప్రయత్నాలు, 10 శాతం. అసిస్ట్‌ని సగం చేసే పని ఈ సూత్రంలో వద్దు, సైట్‌లో ఉన్న లెక్కనే వాడండి, లేకపోతే లీగ్ సగటుతో పోల్చలేరు.

కార్నర్‌బ్యాక్‌లకు నేను పెట్టుకునే గీతలు ఇవి: 8 శాతం లోపు ఉంటే చాలా బాగుంది, 10 నుంచి 15 మధ్య మామూలు, 18 దాటితే ఆలోచించాలి. ఇవి స్థూలమైన గీతలే. మీరు వాడే సైట్‌లో ఆ సీజన్ కార్నర్లందరి సగటు తీసుకుని సరిచేసుకోండి. కబడ్డీ చూసేవాళ్లకు ఈ శాతాలు వింతగా అనిపిస్తాయి. ప్రో కబడ్డీలో కార్నర్ డిఫెండర్ వేసిన పట్లలో సగానికి పైగా నిలిస్తే అతన్ని మెచ్చుకుంటాం. ఇక్కడ ఐదింటిలో ఒకటి తప్పితేనే కోచ్‌కి టెన్షన్. కబడ్డీలో పట్టు తప్పితే పోయేది ఒకటో రెండో పాయింట్లు. ఇక్కడ కార్నర్ వెనకాల చాలాసార్లు ఖాళీ మైదానమే ఉంటుంది.

ఐదో మెట్టు: చిన్న లెక్కలు చేసే మాయ

రూకీల విషయంలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

ఒక కార్నర్‌కి సీజన్ మొత్తంలో వచ్చే ప్రయత్నాలు 50 నుంచి 90 వరకూ ఉంటాయి. గాయమైనా, మధ్యలో జట్టులోకి వచ్చినా 25 దగ్గరే ఆగిపోవచ్చు. ఒకడి అసలు స్వభావం 12 శాతం తప్పడం అనుకుందాం. 60 ప్రయత్నాల్లో గణితం ప్రకారం ప్రామాణిక దోషం నాలుగు శాతం పైచిలుకు వస్తుంది. అంటే కేవలం అదృష్టం అటూఇటూ అవడం వల్లే అతను ఒక సీజన్‌లో 4 శాతంగానో 20 శాతంగానో కనిపించవచ్చు. 4 అయితే మేటి అని రాస్తాం, 20 అయితే చేతకానివాడని రాస్తాం. మనిషి మాత్రం ఒక్కడే.

దీనికి సులువైన మందు ఉంది. ప్రతి రూకీ ఖాతాలోనూ 50 ఊహా ప్రయత్నాలు, వాటిలో 6 తప్పులు కలపండి. అంటే 12 శాతం సగటును బరువుగా వేసినట్టు. ఈ 50 అన్నది నేను ఎంచుకున్న బరువు, మీరు 40 పెట్టుకున్నా 60 పెట్టుకున్నా కొంప మునగదు. ఇప్పుడు ముగ్గురు ఊహా ఆటగాళ్లను తీసుకుందాం.

మొదటివాడు 25 ప్రయత్నాల్లో 1 తప్పాడు, 4 శాతం. రెండోవాడు 70లో 6 తప్పాడు, దాదాపు 8.6 శాతం. పైపైన చూస్తే మొదటివాడు రెండింతలు నయం. ఊహా ప్రయత్నాలు కలిపాక మొదటివాడు 75లో 7, అంటే 9.3 శాతం. రెండోవాడు 120లో 12, అంటే 10 శాతం. తేడా ఆవిరైపోయింది. నన్నడిగితే ఈ ఇద్దరిలో రెండోవాడి మీదే ఎక్కువ నమ్మకం పెడతాను, ఎందుకంటే అతని అంకె వెనక ఆధారం ఎక్కువ. మూడోవాడు 75లో 15 తప్పాడు, 20 శాతం. కలిపాక 125లో 21, అంటే 16.8. ఇంత మెత్తబరిచినా అంకె పెద్దగా తగ్గలేదంటే అక్కడ నిజంగానే ఏదో లోపం ఉండొచ్చు.

సీజన్‌ని మొదటి సగం, రెండో సగం అని విడగొట్టి ‘కుర్రాడు మెరుగుపడ్డాడు’ అని రాసే వాళ్లు చాలామంది కనిపిస్తారు. 30 ప్రయత్నాల్లో 5 తప్పులు, తర్వాత 30లో 3 తప్పులు. దాన్ని మెరుగుదల అనుకోవడం ఆశ మాత్రమే. విభజన చేయండి, చూడండి, కానీ దాని మీద ఇల్లు కట్టకండి.

ఆరో మెట్టు: ఆ ట్యాకిల్ వల్ల ఏం జరిగింది?

మూడో డౌన్, ఇంకా 8 గజాలు కావాలి. రిసీవర్ 5 గజాల దగ్గర బంతి పట్టాడు. కార్నర్ దూసుకొచ్చి అక్కడికక్కడే పడేశాడు. ప్రత్యర్థి పంట్ కొట్టి బంతి వదులుకోవాల్సిందే. ఇంకో ప్లేలో తాను కాపలా కాసే రిసీవరే 22 గజాల పాస్ పట్టాక అతన్ని వెనక నుంచి లాగి పడేశాడు. పట్టికలో రెండూ ఒక్కొక్క ట్యాకిలే!

దీన్ని విడదీయడానికి విశ్లేషకులు వాడే కొలత ఉంది. దాడి చేసే జట్టు మొదటి డౌన్‌లో కావాల్సిన గజాల్లో 40 శాతం, రెండో డౌన్‌లో 60 శాతం, మూడు నాలుగు డౌన్‌లలో మొత్తం సాధిస్తే ఆ ప్లే వాళ్లకు సఫలం. అంతకు తక్కువ దగ్గర ఆపిన ట్యాకిల్‌ని ‘స్టాప్’ అంటారు. ప్లేల డేటా చేతిలో ఉంటే ఇది మీరే లెక్కేయొచ్చు, స్ప్రెడ్‌షీట్‌లో గంట పని. అతని ట్యాకిల్స్‌లో స్టాప్‌లు ఎంత శాతమో తీసి, అదే చోట ఆడే మిగతావాళ్లతో పోల్చండి.

దీనికి తోడుగా క్యాచ్ తర్వాత గజాలు చూడండి. అతని కవరేజ్‌లో రిసీవర్లు బంతి పట్టాక పరిగెత్తిన మొత్తం గజాలను, ఇచ్చిన క్యాచ్‌లతో భాగించాలి. అయితే పొట్టి పాసుల మీద ఈ అంకె సహజంగానే పెరుగుతుంది. స్లాట్ ఆటగాడిది అంచు ఆటగాడి కంటే ఎక్కువ కనిపిస్తే వెంటనే కంగారు పడొద్దు.

తప్పుల ఖరీదు మాత్రం చాలా సైట్లలో రెడీగా దొరకదు, నా దృష్టిలో అన్నిటికంటే విలువైన అంకె అదే. తప్పిన ప్రతి ట్యాకిల్ తర్వాత బంతి ఇంకెన్ని గజాలు ముందుకెళ్లిందో వీడియో చూసి రాసుకోవాలి. రూకీకి ఇలాంటివి పది చిల్లరే ఉంటాయి, ఒక సాయంత్రం చాలు. ఏడు తప్పులకు 20 గజాలు పోగొట్టుకున్నవాడు లోపలివైపు సహాయం ఉంచుకుని దూకుతున్నాడని అర్థం. రెండే తప్పులు, కానీ రెండూ టచ్‌డౌన్‌లయితే అది వేరే కథ.

ఫౌల్స్ కూడా ఇక్కడే చేర్చండి. ఫేస్ మాస్క్ (హెల్మెట్ ముందు జాలీ పట్టి లాగడం), హార్స్ కాలర్ (వెనక నుంచి కాలర్ పట్టి పడేయడం) రెండూ 15 గజాల శిక్షలు. 2024 నుంచి హిప్ డ్రాప్ ట్యాకిల్‌నీ (పట్టుకుని తన బరువంతా ప్రత్యర్థి కాళ్ల మీద వేయడాన్ని) నిషేధించి అదే శిక్ష పెట్టారు. మనిషిని ఆపాడు కానీ 15 గజాలు దానం చేశాడంటే అది మంచి ట్యాకిల్ కాదు. దీనికి పూర్తిగా ఎదురైన లాభం ఫంబుల్, అంటే ప్రత్యర్థి చేతిలోంచి బంతి జారిపోయేలా చేయడం. షికాగో బేర్స్ కార్నర్ చార్ల్స్ టిల్‌మన్ 2012లో ఒక్క సీజన్‌లోనే 10 ఫంబుల్స్ చేయించాడు. బంతి మీద గుద్దే అలవాటున్నవాడికి ఒకటి రెండు ట్యాకిల్స్ తప్పడం సహజం, ఆ తప్పుల్ని కొంచెం చూసీచూడనట్టు వదలాలి.

ఏడో మెట్టు: పట్టికలో కనపడని భయం

దెబ్బ తగులుతుందని పక్కకు తప్పుకున్నవాడికి తప్పిన ట్యాకిల్ రాయరు, ఎందుకంటే అతను ప్రయత్నమే చేయలేదు. అందుకే 5 శాతం తప్పిన కార్నర్‌ని చూడగానే చప్పట్లు కొట్టకండి. రన్ ప్లేలు ఎన్ని ఆడాడు, వాటిలో ఎన్నింటిలో ట్యాకిల్ ప్రయత్నం చేశాడు? ఆ నిష్పత్తి అదే జట్టులో అవతలి అంచున ఆడే కార్నర్‌తో పోలిస్తే బాగా తక్కువగా ఉంటే, శుభ్రంగా కనిపించే తప్పిన శాతం వెనక అసలు కారణం దొరికినట్టే. అయితే ప్రత్యర్థులు రన్‌లు అవతలి వైపే నడిపారేమో కూడా చూడాలి.

ఇందులో ఒళ్లు బరువు పాత్ర కొంత ఉంది. 2023లో వాషింగ్టన్ 16వ స్థానంలో తీసుకున్న ఇమ్మాన్యుయెల్ ఫోర్బ్స్ డ్రాఫ్ట్ ముందు తూకంలో 166 పౌండ్లు, అంటే 75 కిలోలు. 2024 డిసెంబర్ 1న బాల్టిమోర్‌లో డిజీన్ ఎదురుగా ఢీకొట్టి వెనక్కి పడేసిన రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తే ఆటగాడు) డెరిక్ హెన్రీ 247 పౌండ్లు, అంటే 112 కిలోలు. డిజీన్ బరువు 203 పౌండ్లు, అంటే 92 కిలోలు. ఒక్క ట్యాకిల్‌తో ఎవరి సత్తా తేలదు గానీ, ఆ ప్లే చూసినవాడికి అతను తప్పుకునే రకం కాదని తెలిసిపోతుంది. బరువును తీర్పుగా కాక హెచ్చరికగా చూడండి. ప్రయత్నాలను రిసీవర్ల మీదా, రన్నింగ్ బ్యాక్‌లూ టైట్ ఎండ్‌లూ లాంటి బరువైనవాళ్ల మీదా అని రెండు కుప్పలు చేస్తే, తేలికపాటి కార్నర్ ఎక్కడ తేలిపోతున్నాడో బయటపడుతుంది.

ఎనిమిదో మెట్టు: కోచ్ ఏం చేయమన్నాడు, కాలేజీలో ఏం చేశాడు

జోన్ డిఫెన్స్‌లో కార్నర్ కళ్లు బంతి మీద ఉంటాయి, ఎదురొచ్చి కొట్టొచ్చు. మనిషికి మనిషి కాపలాలో అతని వీపు బంతి వైపు ఉంటుంది, రిసీవర్ తిరిగేసరికి వెంటపడి పట్టుకోవాల్సిందే. రెండోది కష్టం. ఫాంజియో తరహా డిఫెన్స్‌లో లోతున ఇద్దరు సేఫ్టీలను (చివరి కాపలా డిఫెండర్లను) ఉంచి పొట్టి పాసులు ఇచ్చేస్తారు, ఇచ్చినచోటే పడగొట్టడం కార్నర్ పని. అక్కడ ప్రయత్నాలు ఎక్కువ, సహాయమూ ఎక్కువ. జట్టు మారితే అంకె మారుతుందని గుర్తుంచుకోండి.

మొదటి సీజన్ డేటా చాలనప్పుడు కాలేజీ లెక్కలు తీసుకుని కలపొచ్చు. ఊహా ప్రయత్నాల బదులు కాలేజీ చివరి రెండేళ్ల తప్పిన శాతాన్ని బరువుగా వాడటం ఇంకా మంచి పద్ధతి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కాలేజీ మైదానంలో హ్యాష్ గుర్తుల (ప్లే ఎక్కడ మొదలవ్వాలో హద్దులు చూపే గీతల) మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. అందువల్ల కాలేజీలో బంతి ఒక పక్కకు ఒరిగి మొదలవుతుంది, మైదానం ఒకవైపు ఇరుకుగా, మరోవైపు విశాలంగా ఉంటుంది. ఇరుకు వైపు కార్నర్‌కి రన్ ట్యాకిల్స్ ఎక్కువ, సైడ్‌లైన్ సాయమూ ఎక్కువ. విశాలమైన వైపు ఆడినవాడు ఖాళీ మైదానంలో ఒంటరిగా పట్టాలి. ఇద్దరికీ 11 శాతం ఉంటే నేను రెండోవాడికే మొగ్గుతాను.

చివరి మెట్టు: ఏ ప్లేలు చూడాలి?

ఇక వీడియో. అన్నీ చూడక్కర్లేదు, అంకెలే దారి చూపిస్తాయి. అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియంలో 22 మందీ కనిపించే కోచ్‌ల వీడియో ఉంటుంది. తప్పిన ట్యాకిల్స్ అన్నీ, తన వైపు వచ్చిన రన్‌లలో అతని పేరు లేనివి ఒక డజను, మూడో డౌన్ స్టాప్‌లు కొన్ని చూడండి. తప్పిన చోట కారణం రాసుకోండి: కోణం తప్పాడా, కాళ్లు ఆగిపోయాయా, తల దించాడా, చేతులు చాలలేదా, లేక చుట్టేయకుండా భుజంతో కొట్టబోయాడా? కోణం తప్పడం రూకీల్లో మామూలే, ఎన్‌ఎఫ్‌ఎల్ వేగం అలవాటయ్యాక చాలామందికి సర్దుకుంటుంది. తల దించడం, కాళ్లు ఆపేయడం పాత అలవాట్లు, కాలేజీ వీడియోలోనూ అవే కనిపిస్తే రెండో సీజన్‌లో శాతం తగ్గుతుందని పందెం కాయకండి. భుజం గాయంతో ఆడిన వారాలు ఇంజరీ రిపోర్ట్‌లో ఉంటే వాటిని విడిగా రాసుకోండి, మంచి ట్యాకిలర్ కూడా ఒక చేత్తో పట్టలేడు.